కొలోరెక్టల్ సర్జన్‌గా, వైద్య అధ్యాపకులుగా ఎదగడం ఎలా: ఒడిశా సరిహద్దు జిల్లాల తెలుగు విద్యార్థులకు

పెద్దపేగు, పురీషనాళం (పెద్దపేగు చివరి భాగం), మలద్వారం, ఈ మూడింటికి వచ్చే జబ్బులకు శస్త్రచికిత్స చేసే నిపుణులను కొలోరెక్టల్ సర్జన్లంటారు. మొలలు, ఫిషర్ (మలద్వారపు చీలిక), భగందరం (ఫిస్టులా) వంటి నిత్యం కనిపించే బాధల నుంచి పురీషనాళ క్యాన్సర్, అల్సరేటివ్ కోలైటిస్ (పెద్దపేగు లోపలి పొర వాచి పుండ్లు పడే జబ్బు), పేగు మెలిపడటం వరకు అన్నీ వీరి పరిధిలోకే వస్తాయి. వైద్య కళాశాలలో ఉంటూ ఈ వృత్తి చేసేవారు ఆపరేషన్లతో పాటు పాఠం చెప్పాలి, పరిశోధన చేయాలి, చేసిన పనికి లెక్క చూపాలి. బరంపురం, పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం ప్రాంతాల తెలుగు కుటుంబాల్లో పిల్లలను డాక్టర్లను చేయాలన్న తపన ఎంతో ఉంది గానీ, ఎంబీబీఎస్ సీటు వచ్చిన తరువాత దారి ఎటు సాగుతుందో, ఎక్కడ ఏది తేల్చుకోవాలో విడమరచి చెప్పేవారు తక్కువ. ఆ దారిని వరుసగా చెప్పడానికే ఈ వ్యాసం.

ముందుగా ఒక మాట. ఈ విభాగంలో రోగి ఆలస్యంగా వస్తాడు. దొడ్డికి వెళ్ళినప్పుడు రక్తం పడుతున్నా సిగ్గుతో ఇంట్లో చెప్పడు. చెప్పినా అందరూ మొలలనే అనుకుంటారు. రోడ్డు పక్కన బోర్డు కట్టుకున్న అర్హత లేని మనిషి దగ్గర సూది వేయించుకుంటాడు. తీరా మలం రావడమే కష్టమయ్యాక పెద్దాసుపత్రికి చేరతాడు. మన దేశంలోని పెద్ద ఆసుపత్రుల రికార్డులు చూస్తే, పెద్దపేగు, పురీషనాళ క్యాన్సర్ రోగుల్లో నలభై ఏళ్ళు దాటనివారి వాటా పాశ్చాత్య దేశాలకన్నా ఎక్కువగా కనిపిస్తుంది. కనుక "చిన్న వయసు, మొలలే అయి ఉంటాయి" అని పరీక్ష చేయకుండా పంపేయడం ఇక్కడ ప్రాణం మీదికి తెచ్చే పొరపాటు. రోగి దాచుకున్నది అడిగి తెలుసుకోవడం, చికిత్స చేసినవారు తరువాత ఏమయ్యారో ఏళ్ళ తరబడి లెక్క రాసుకోవడం, ఈ రెండూ అలవడినవారే ఈ రంగంలో మంచి అధ్యాపకులవుతారని నా నమ్మకం. చేతి నైపుణ్యం వాటి తరువాత వస్తుంది, సాధనతో వస్తుంది.

ఇంటర్‌కు ముందే తేల్చుకోవలసిన విషయం

సరిహద్దు కుటుంబాలు ఎక్కువగా తడబడేది స్థానికత దగ్గర. పదో తరగతి బరంపురంలోనో రాయగడలోనో చదివించి, ఇంటర్మీడియెట్‌కు విశాఖపట్నానికో విజయవాడకో పంపడం ఇక్కడ మామూలు. పిల్లలకు నీట్ శిక్షణ బాగా దొరుకుతుందన్నది నిజమే. కానీ ఆంధ్రప్రదేశ్‌లో చదువును బట్టి స్థానిక అభ్యర్థిగా నిలవాలంటే అర్హత పరీక్షతో ముగిసే వరుస నాలుగేళ్ళు ఆ ప్రాంతంలో చదివి ఉండాలి. రెండేళ్ళ ఇంటర్ దానికి చాలదు. ప్రభుత్వ వైద్య కళాశాలల్లో 85 శాతం సీట్లు రాష్ట్ర కోటా కింద, 15 శాతం అఖిల భారత కోటా కింద భర్తీ అవుతాయి గనుక, ఏ రాష్ట్ర కోటాకు మీరు అర్హులో ముందే తెలియకపోతే మంచి ర్యాంకు వచ్చి కూడా చేతికి అందని పరిస్థితి రావచ్చు. ఒడిశాలో నివాస ధ్రువపత్రం, పాఠశాల రికార్డుల విషయంలో ఆ ఏటి కౌన్సెలింగ్ పుస్తకంలో ఏముందో అక్షరాక్షరం చదవండి. పక్కింటివారు కిందటేడు ఏం చేశారన్నది ఆధారంగా పెట్టుకోవద్దు, నిబంధనలు మారుతూ ఉంటాయి. నీట్ ప్రశ్నపత్రం తెలుగులోనూ ఒడియాలోనూ దొరుకుతుంది. అయితే ఎంబీబీఎస్ చదువు ఇంగ్లీషులోనే కనుక ఆ భాషలో సైన్సు చదివే అలవాటు ముందునుంచీ చేసుకోవడం మంచిది.

ఎంబీబీఎస్: ఐదున్నరేళ్ళు

నాలుగున్నరేళ్ళ చదువు, ఏడాది ఇంటర్న్‌షిప్. సరిహద్దు జిల్లాల వారికి దగ్గరలో ఉన్న పాత కళాశాల బరంపురంలోని ఎంకేసీజీ వైద్య కళాశాల. 1962లో మొదలైన ఈ సంస్థ పర్లాకిమిడి మహారాజు కృష్ణచంద్ర గజపతి పేరు మీద నడుస్తోంది. కొరాపుట్‌లోని షహీద్ లక్ష్మణ్ నాయక్ వైద్య కళాశాల 2017లో మొదలైంది. అటు విశాఖపట్నంలో 1923 నాటి ఆంధ్ర వైద్య కళాశాల, దానికి అనుబంధంగా కింగ్ జార్జ్ ఆసుపత్రి ఉన్నాయి. పర్లాకిమిడి, రాయగడ వైపు రోగులు తరతరాలుగా అక్కడికే రైలెక్కుతున్నారు.

ఈ ఐదున్నరేళ్ళలో కొలోరెక్టల్ శస్త్రచికిత్స గురించి ప్రత్యేకంగా చదవనవసరం లేదు. కటి భాగపు అనాటమీ మాత్రం బట్టీ పట్టకుండా శవపరిచ్ఛేదంలో చేత్తో తాకి నేర్చుకోండి. పురీషనాళం సుమారు 15 సెంటీమీటర్లే ఉంటుంది. దాని వెనుక త్రికాస్థి, ముందు మగవారిలో ప్రోస్టేట్, ఆడవారిలో యోని, పక్కల మూత్రానికీ లైంగిక జీవితానికీ సంబంధించిన నాడులు. ఇంత ఇరుకులో పనిచేయవలసి వస్తుందన్న ఊహ విద్యార్థి దశలోనే పడితే ఆ తరువాత చదివే ప్రతిదీ దానికి అతుక్కుంటుంది. రెండో పని, భారత వైద్య పరిశోధన మండలి ఎంబీబీఎస్ విద్యార్థులకు ఇచ్చే స్వల్పకాలిక పరిశోధన అవకాశానికి, అంటే ఐసీఎంఆర్ ఎస్టీఎస్‌కు దరఖాస్తు చేయండి. అది రెండు నెలల చిన్న ప్రాజెక్టే గానీ, ఒక ప్రశ్న వేసుకోవడం, నైతిక సంఘం అనుమతి తీసుకోవడం, లెక్కలు సరిచూసుకోవడం ఎలాగో నేర్పుతుంది.

భాషల గురించి కూడా చెప్పాలి. తెలుగు, ఒడియా రెండూ ఇంట్లో, వీధిలో వచ్చిన పిల్లలు ఈ రంగానికి పెద్ద పెట్టుబడితో వస్తున్నట్లే. గజపతి జిల్లా సవర గూడేల వారు, రాయగడ కువి మాట్లాడే వారు వార్డుకు వచ్చినప్పుడు దుబాసీ ఎదుట తమ బాధ చెప్పుకోలేరు, అందులోనూ మల విసర్జన సంగతులు అసలే చెప్పలేరు. ఆ భాషల్లో పది ప్రశ్నలు అడగడం నేర్చుకున్న ఇంటర్న్, అది రాని ప్రొఫెసరు కన్నా రోగి చరిత్ర బాగా రాస్తాడు.

ఎంఎస్ జనరల్ సర్జరీ: మూడేళ్ళు

ఎంబీబీఎస్ తరువాత నీట్ పీజీ రాసి గానీ, ఎయిమ్స్, జిప్మర్ వంటి జాతీయ సంస్థల కోసం ఐఎన్ఐ సెట్ రాసి గానీ ఎంఎస్ జనరల్ సర్జరీలో చేరాలి. డీఎన్‌బీ (జాతీయ పరీక్షల బోర్డు ఇచ్చే, ఎంఎస్‌తో సమానమైన పట్టా) కూడా ఈ దారిలో చెల్లుతుంది. ప్రభుత్వ కళాశాలల పీజీ సీట్లలో సగం అఖిల భారత కోటాకు వెళతాయి. సీటు ఎంచుకునేటప్పుడు కళాశాల పేరు ఎంత పెద్దదన్నదానికన్నా, అక్కడ పీజీ విద్యార్థి చేతికి కత్తి ఎంత ఇస్తారు, రాత్రి అత్యవసర ఆపరేషన్లు ఎన్ని జరుగుతాయి, కొలనోస్కోపీ (కెమెరా గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) ఎవరు చేస్తారు అన్నవి అక్కడి రెండో ఏడాది రెసిడెంట్లను అడిగి తెలుసుకోండి. ప్రభుత్వ సీటైతే బాండు (చదువు తరువాత ప్రభుత్వంలో పనిచేస్తామన్న ఒప్పందం) షరతులు కూడా చదివి సంతకం పెట్టండి.

ఈ మూడేళ్ళలో చేయవలసిన వాటిలో మొదటిది మలద్వార పరీక్ష సరిగా నేర్చుకోవడం. చాలామంది దీన్ని చిన్నచూపు చూస్తారు, నాకది బాధ కలిగిస్తుంది. రోగికి ఏం చేయబోతున్నామో అతని భాషలో చెప్పి ఒప్పుకోలు తీసుకోవాలి, తెర వేయాలి, ఆడవారైతే పక్కన మరో మహిళ ఉండాలి, ఎడమ పక్కకు తిప్పి మోకాళ్ళు పొట్టవైపు ముడిపించాలి. ముందు కళ్ళతో చూడాలి: చీలిక ఉందా, భగందరపు బయటి రంధ్రం ఉందా. తరువాతే జెల్లీ రాసిన వేలు నెమ్మదిగా. గడ్డ తగిలితే అది మలద్వారపు అంచు నుంచి ఎన్ని సెంటీమీటర్ల పైన ఉంది, కదులుతోందా, గడియారంలో ఏ గంటల వైపు ఉంది, వేలికి రక్తం అంటిందా అన్నది అక్కడికక్కడే రాయాలి. మలద్వారాన్ని కాపాడగలమా, శాశ్వతంగా పొట్ట మీద స్టోమా (పేగును బయటికి తెచ్చి సంచి తగిలించే రంధ్రం) పెట్టవలసి వస్తుందా అనే నిర్ణయానికి మొదటి అడుగు ఈ వేలితోనే పడుతుంది. ఎమ్మారై తరువాత వస్తుంది.

రెండోది స్టోమా గుర్తు పెట్టడం. దీన్ని ఎవరూ విడిగా పాఠంగా చెప్పరు కనుక కాస్త వివరంగా రాస్తాను. పేగును పొట్ట మీదికి తెచ్చి సంచి తగిలించవలసిన ఆపరేషన్‌కు ముందురోజు, రోగిని పడుకోబెట్టి మాత్రమే చూసి సిరా గుర్తు పెట్టకూడదు. కూర్చోబెట్టాలి, నిలబెట్టాలి, ముందుకు వంగమనాలి. పడుకున్నప్పుడు చదునుగా కనిపించిన చోట కూర్చోగానే ముడత పడుతుంది, ఆ ముడతలో సంచి అంటుకోదు, కారిపోతుంది, చర్మం పుండవుతుంది. బొడ్డు దగ్గర, పాత కోత మచ్చ మీద, ఎముక అంచున పెట్టకూడదు. పొట్ట నిలువు కండరం గుండా రావాలి. రోగికి తన కంటితో కనబడాలి. మన ప్రాంతంలో ఆడవారు చీర కుచ్చెళ్ళు ఎక్కడ దోపుతారు, మగవారు పంచె ముడి ఎక్కడ బిగిస్తారు అన్నది వారు కట్టుకున్న బట్టలతోనే చూసి, ఆ గీతకు తగలకుండా గుర్తు పెట్టాలి. పొలంలో వంగి నాట్లు వేసే మనిషికి, కూర్చుని బట్టల కొట్టు నడిపే మనిషికి ఒకే చోటు పనికిరాదు. ఈ పావుగంట పనిని శ్రద్ధగా చేసిన రెసిడెంటును నేను నిశ్చింతగా పెద్ద ఆపరేషన్‌కు పక్కన నిలబెట్టుకుంటాను. అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్‌లో రూపర్ట్ టర్న్‌బుల్ అనే సర్జన్ 1958లో, స్వయంగా స్టోమాతో జీవిస్తున్న నార్మా గిల్‌ను ఇలాంటి రోగుల సంరక్షణ కోసం నియమించారు. స్టోమా నర్సింగ్ అనే వృత్తి అక్కడినుంచే రూపు దిద్దుకుంది. మన జిల్లా ఆసుపత్రుల్లో ఆ నర్సు ఉండకపోవచ్చు, అప్పుడు ఆ పని మీరే చేయాలి.

ఇక ఆపరేషన్ల విషయం. హెర్నియా, అపెండిక్స్, పేగును కుట్టడం, కొలోస్టమీ (పెద్దపేగుతో చేసే స్టోమా) చేయడం, మెలిపడ్డ సిగ్మాయిడ్‌ను (పురీషనాళానికి పైన ఉండే పెద్దపేగు వంపును) అర్ధరాత్రి విప్పడం, ఇవి ఎంఎస్ పూర్తయ్యేలోగా చేతికి రావాలి. పేగుల్ని కుట్టాక ఐదో రోజు అటూ ఇటూ గుండె వేగంగా కొట్టుకోవడం మొదలైతే, జ్వరం లేకపోయినా అతుకు కారుతోందేమోనని అనుమానించడం నేర్చుకోండి. తెల్లవారుజామున రోగి పక్కన నిలబడి నాడి లెక్కపెట్టినవారికే ఈ అనుమానం వస్తుంది.

పీజీ నిబంధనల ప్రకారం జిల్లా ఆసుపత్రిలో మూడు నెలలు పనిచేయాలి. దీన్ని తప్పించుకునే సెలవుగా చూడకండి. పర్లాకిమిడి లాంటి చోట పనిచేస్తే, రోగి పెద్దాసుపత్రికి చేరడానికి ముందు ఎక్కడెక్కడ ఆగాడో తెలుస్తుంది.

థీసిస్ అంశం

థీసిస్ ప్రతి ఎంఎస్ విద్యార్థీ రాయాలి, చాలామంది గైడ్ ఇచ్చిన పాత అంశాన్నే తిప్పి రాస్తారు. అధ్యాపక వృత్తిలోకి రావాలనుకునేవారు మాత్రం మొదటి ఏడాదిలోనే తమ వార్డులో సమాధానం దొరికే ప్రశ్నను వెతుక్కోవాలి. ఉదాహరణకు, పురీషనాళ క్యాన్సర్‌తో చేరిన రోగికి మొదట రక్తం కనిపించిన నాటికీ, ఎవరైనా మొదటిసారి వేలితో పరీక్ష చేసిన నాటికీ మధ్య ఎన్ని రోజులు గడిచాయి, ఈ మధ్యలో ఎవరెవరి దగ్గరికి వెళ్ళాడు? దీనికి ఖరీదైన యంత్రాలు అక్కరలేదు; ఓపికగా అడగడం, తేదీలు రాయడం చాలు. సమ్మతి పత్రం ఒడియాలోనూ తెలుగులోనూ ఉండాలి, చదవలేనివారికి సాక్షి ముందు చదివి వినిపించాలి. రోగుల మీద కొత్త చికిత్సను పోల్చి చూసే అధ్యయనమైతే మొదటి రోగిని చేర్చుకోకముందే భారత క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయించాలి. తరువాత చేయిస్తే మంచి పత్రికలు తీసుకోవు.

ఎంసీహెచ్, ఫెలోషిప్

ఎంఎస్ అయ్యాక కొలోరెక్టల్ వైపు రావడానికి మామూలు దారి ఎంసీహెచ్ (ఎంఎస్ పైన చేసే సూపర్ స్పెషాలిటీ పట్టా) సర్జికల్ గ్యాస్ట్రోఎంటరాలజీ, అంటే జీర్ణవ్యవస్థ శస్త్రచికిత్స, మూడేళ్ళు. సర్జికల్ ఆంకాలజీ ఎంసీహెచ్ చేసి క్యాన్సర్ వైపు నుంచి వచ్చేవారూ ఉన్నారు. 2017 నుంచి ఈ సీట్లు నీట్ ఎస్ఎస్ ద్వారా భర్తీ అవుతున్నాయి. జాతీయ సంస్థలకు ఐఎన్ఐ ఎస్ఎస్ వేరుగా ఉంటుంది. ఈ మూడేళ్ళలో కాలేయం, క్లోమం, అన్నవాహిక కూడా నేర్చుకోవాలి. ఆ తరువాత ఒకటి రెండేళ్ళు పూర్తిగా కొలోరెక్టల్ పని జరిగే చోట ఫెలోషిప్ చేయడం మంచిది. వేలూరు సీఎంసీలో, ముంబై టాటా మెమోరియల్‌లో ఈ పనికే అంకితమైన విభాగాలున్నాయి. విదేశాల మాటకొస్తే, లండన్‌లోని సెయింట్ మార్క్స్ ఆసుపత్రి 1835 నుంచి ఈ జబ్బులకే పేరు. అమెరికాలో ఐదేళ్ళ జనరల్ సర్జరీ రెసిడెన్సీ తరువాత మరో ఏడాది కొలోరెక్టల్ శిక్షణ ఉంటుంది గానీ, ఆ దారి పట్టాలంటే అక్కడి పరీక్షలు రాసి మళ్ళీ మొదటి నుంచి రెసిడెన్సీ చేయాలి.

ఈ దశలో నేర్వవలసిన ముఖ్యమైన పని పురీషనాళాన్ని దాని చుట్టూ ఉన్న కొవ్వు తొడుగుతో సహా చెక్కుచెదరకుండా తీయడం. ఎర్నెస్ట్ మైల్స్ 1908లో పొట్ట వైపు నుంచీ, కింది నుంచీ కోసి పురీషనాళాన్ని పూర్తిగా తొలగించే పద్ధతిని వివరించారు. రోగి బతికేవాడు గానీ శాశ్వత స్టోమా తప్పేది కాదు. ఇంగ్లండ్‌లోని బేసింగ్‌స్టోక్ సర్జన్ బిల్ హీల్డ్ 1982లో, ఆ కొవ్వు తొడుగుకూ దాని చుట్టూ ఉన్న గోడకూ మధ్య ఉండే సన్నని పొరలోనే కంటికి కనబడేలా కోస్తూ వెళితే క్యాన్సర్ అదే చోట తిరగబెట్టడం బాగా తగ్గుతుందని రాశారు. చేత్తో లాగి విడదీసే పాత అలవాటు ఆ తరువాతే పోయింది. అందుకే తీసిన ముక్కను ఫార్మలిన్‌లో పడేసి వెళ్ళిపోవద్దు. పాథాలజిస్టు పక్కన నిలబడి, కొవ్వు తొడుగు నున్నగా ఉందా, గుంటలు పడ్డాయా, లోపలి కండరం బయటపడిందా చూడండి. కనీసం 12 లింఫ్ గ్రంథులు పరీక్షించారా అడగండి. చుట్టుకొలత అంచు (తీసిన ముక్క చుట్టూ కోసిన అంచు) నుంచి గడ్డ ఒక మిల్లీమీటరు లోపే ఉంటే అది ప్రమాద సూచన అని గుర్తుంచుకోండి. మీ కత్తి ఎలా నడిచిందో నిర్మొహమాటంగా చెప్పేది ఆ బల్ల మీది ముక్కే. అందరు రోగులకూ వెంటనే కోత అవసరం ఉండదన్నది కూడా ఇక్కడే నేర్చుకుంటారు: రేడియేషన్, కీమోథెరపీతో గడ్డ పూర్తిగా కరిగిపోయిన కొందరిని ఆపరేషన్ చేయకుండా దగ్గరగా గమనిస్తూ ఉండే పద్ధతిని బ్రెజిల్ సర్జన్ ఏంజెలిటా హాబర్-గామా ముందుకు తెచ్చారు. కానీ తరచూ రాలేని రోగికి ఆ పద్ధతి పెట్టడం ఎంతవరకు న్యాయమో మన కొండ గ్రామాల దూరాలు తెలిసిన సర్జనే నిర్ణయించాలి.

అధ్యాపకులుగా

పద్దెనిమిదేళ్ళకు ఎంబీబీఎస్‌లో చేరినవారు ఎంసీహెచ్ ముగించేసరికి, మధ్యలో పరీక్షల తయారీ సంవత్సరాలు కలుపుకుంటే ముప్ఫై దాటుతారు. జనరల్ సర్జరీ విభాగంలో అసిస్టెంట్ ప్రొఫెసర్ కావాలంటే మామూలుగా ఎంఎస్ తరువాత ఏడాది సీనియర్ రెసిడెన్సీ (పీజీ తరువాత బోధనాసుపత్రిలో చేసే డాక్టరు ఉద్యోగం) ఉండాలి. అక్కడినుంచి అసోసియేట్ ప్రొఫెసర్‌కు నాలుగేళ్ళు, ఆపై ప్రొఫెసర్‌కు మూడేళ్ళు, వాటితో పాటు గుర్తింపు పొందిన పత్రికల్లో వ్యాసాలు, వైద్య విద్యా బోధనలో, పరిశోధన పద్ధతుల్లో కోర్సులు. సూపర్ స్పెషాలిటీ విభాగాలకు నిబంధనలు వేరు. జాతీయ వైద్య కమిషన్ వీటిని ఎప్పటికప్పుడు సవరిస్తుంది గనుక దరఖాస్తు నాటి నిబంధనే చూసుకోండి. డబ్బు తీసుకుని వారంలో అచ్చువేసే పత్రికల జోలికి వెళ్ళవద్దు. పదోన్నతి వేళ అవి లెక్కకు రావు, వచ్చినా మీ పేరు మీద మచ్చగా మిగులుతాయి.

అన్నిటికన్నా ముఖ్యమైన సాధనం రిజిస్టరు. మొదటి ఆపరేషన్ నుంచే ఒకటి పెట్టండి. రోగి సంఖ్య, జబ్బు దశ, చేసిన ఆపరేషన్, రక్త నష్టం, అతుకు కారిందా లేదా, ముప్ఫై రోజుల్లో ఏమైంది, స్టోమా మూశారా, ఏడాదికి, మూడేళ్ళకు, ఐదేళ్ళకు ఎలా ఉన్నారు. రోగి ఫోను నంబరు తరచూ మారిపోతుంది. అందుకే అతని అనుమతితో కొడుకుదో మేనమామదో, ఊరి ఆశా కార్యకర్తదో మరో నంబరు కూడా రాసుకోండి. ఒడిశా ఆరోగ్య బీమా కార్డుతో వైద్యం చేయించుకున్నవారు, ఆంధ్రలో బంధువుల ఇంటికి వెళ్ళి మరో ఆసుపత్రిలో చేరినవారు, కూలి పనికి సూరత్ వెళ్ళిపోయినవారు, అందరూ మీ రిజిస్టరులో ఏదో ఒక తేదీ దగ్గర ఆగిపోతారు. రాని రోగులను బాగున్నవారిగా లెక్కవేయడం పెద్ద తప్పు. వచ్చినవారినే లెక్కించి ఫలితాలు రాసే వ్యాసం రోగులకు మేలు చేయదు. "ఎంతమందికి ఆపరేషన్ చేశాం, ఎంతమంది కబురు తెలుసు, ఎంతమంది కబురు తెలియదు" అని మూడు అంకెలూ రాసే సర్జనును పత్రికలూ నమ్ముతాయి, విద్యార్థులూ నమ్ముతారు.

పాఠం చెప్పే పని కూడా ఇక్కడినుంచే మొదలవుతుంది. ప్రతి నెలా మరణాలు, ఇబ్బందుల మీద జరిగే చర్చలో ప్రొఫెసరు తన కేసును ముందు పెడితే రెసిడెంట్లు తమవి దాచరు. మూడో ఏడాది ఎంబీబీఎస్ పిల్లలకు వార్డు రౌండ్‌లో క్యాన్సర్ దశలన్నీ అప్పజెప్పించే బదులు, ఒక్క రోగిని సిగ్గుపడకుండా, సిగ్గుపెట్టకుండా ఎలా అడగాలో చేసి చూపడం ఎక్కువ మేలు. వారిలో చాలామంది రేపు పీహెచ్‌సీల్లో ఉంటారు. మీ రోగిని మొదట చూసేది వారే.

ఈ విభాగంలోకి అమ్మాయిలు ఎక్కువగా రావాలని నా గట్టి కోరిక. ప్రసవంలో మలద్వార కండరం చిరిగి ఏళ్ళుగా మలం అదుపు లేక పెళ్ళిళ్ళకూ పేరంటాలకూ వెళ్ళడం మానేసిన ఆడవారు మగ డాక్టరుకు చెప్పలేక ఉండిపోతున్నారు. సర్జరీ ఆడపిల్లలకు కష్టమని ఇంట్లో అంటే, శారీరక బలం కన్నా ఓపిక, నిలకడ ఈ పనికి ఎక్కువ కావాలని చెప్పండి. రాత్రి డ్యూటీలు, పిల్లల పెంపకం నిజమైన ఇబ్బందులే. భర్త, అత్తమామలు ఏ మేరకు భుజం కాస్తారో పెళ్ళి మాటలప్పుడే తేల్చుకోవడం మేలు.

చదువంతా పూర్తిచేసి బరంపురానికో కొరాపుట్‌కో తిరిగి రావాలనుకునేవారికి, వెంటనే ఆపరేషన్ రోబో కోసం అర్జీ పెట్టనక్కరలేదు. వారానికి ఒకరోజు విడిగా మలద్వార క్లినిక్, తలుపు మూసుకునే ఒక గది, మంచి దీపం, ప్రాక్టోస్కోపులు (మలద్వారం లోపల చూసే గొట్టాలు), మొలలకు రబ్బరు బ్యాండ్లు వేసే పరికరం, కొలనోస్కోపీకి ఖాయమైన రోజు, బయాప్సీని ఆలస్యం లేకుండా చదివే పాథాలజిస్టు, స్టోమా సంరక్షణలో తర్ఫీదు పొందిన ఒక నర్సు, ఇవి ఉంటే పని మొదలుపెట్టవచ్చు. రేడియేషన్ అవసరమైన వారిని విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రికో, కటక్‌కో పంపేటప్పుడు ఏ కార్డు ఎక్కడ చెల్లుతుందో ముందే ఫోను చేసి కనుక్కుని, చికిత్స పూర్తయ్యాక తిరిగి మీ దగ్గరికి రావలసిన తేదీని కాగితం మీద రాసి ఇవ్వండి. ఆ తేదీని మీ రిజిస్టరులోనూ రాసుకోండి. ఆ రోజు రోగి రాకపోతే మరునాడు ఫోను చేసే బాధ్యత ఒక మనిషికి పేరు పెట్టి అప్పగించండి.